పళ్ళావిడ దిద్దిన రంగు

కాబోయే భర్తను మొదటిసారి చూసొచ్చిన రోజున, మనిషి ఎలా ఉన్నాడే అని స్నేహితురాలు అడిగితే, "పై వరసలో ఎడమవైపు కోరపన్ను ఒక్కటి కాస్త మసగ్గా ఉంది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి" అని చెప్పిన మనిషి ఆవిడ. పొడుగా, పొట్టా అని అడిగితే మాత్రం గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇరవై మూడేళ్ళు ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసింది. వీధిలో అందరికీ పళ్ళావిడ. పింగాణీ పొడిని నీళ్ళతో కలిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి, పక్క పన్నుతో కలిసిపోయేలా ఒక పన్నును తయారుచేయడం ఆవిడ పని. రంగు చూడాలంటే మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. లిప్‌స్టిక్ ఉంటే తుడిపించేది. ఎర్ర చీరో పచ్చ చొక్కానో వేసుకొచ్చిన వాళ్ళకు మెడ దాకా బూడిదరంగు గుడ్డ కప్పేది. ఐదు సెకన్లు చూసేది, తల తిప్పేసేది. అంతకంటే ఎక్కువసేపు చూస్తే కన్ను అబద్ధం చెప్పడం మొదలెడుతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. వేరే ల్యాబుల పళ్ళు కంటపడితే పెదవి విరిచేది. "ఇది పన్నా, సుద్దముక్కా?" అని ఆ పన్ను పెట్టుకున్న మనిషి మొహానే అడిగిన సందర్భాలున్నాయి. అందుకే చుట్టాలెవరూ ఆవిడ ముందు మనసారా నవ్వేవాళ్ళు కాదు.

నలభై ఆరో ఏట ఆవిడ బతుకులోకి మిషను వచ్చింది. యజమాని ఎక్కడినించో తెప్పించాడు. నోట్లో పెన్నులాంటిది తిప్పితే రంగు అదే చెబుతుంది, పన్ను అదే చెక్కుతుంది. మొదటి నెలలో అది చెక్కిన పళ్ళను అరచేతిలో పోసుకుని చూసి, "స్నానాలగదికి అంటించే బిళ్ళల్లా ఉన్నాయి" అంది. రెండో నెలలో ఆవిడను మానిపించారు.

ఇంట్లో కూర్చుంది. అత్తగారి గదికి వేసిన కొత్త రంగు ఒక గోడకూ ఇంకో గోడకూ తేడాగా ఉందని పెయింటరును రెండుసార్లు పిలిపించింది. మూడోసారి అతను ఫోను ఎత్తలేదు. భర్త నెమ్మదస్తుడు, ఏమీ అనలేదు కానీ, ఆఫీసునించి కాస్త ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆ సమయంలోనే మరిది వచ్చి అడిగాడు.

"వదినా, ఖాళీగానే ఉన్నావుగా. నా స్టూడియోకి రారాదూ? వీడియో కటింగ్ నేర్పిస్తాను. కలర్ కూడా నేర్చుకోవచ్చు."

మరిదిని ఇంటిల్లిపాదీ డైరెక్టరు అనేవాళ్ళు. ఆ పిలుపులో వెటకారం ఉందని తెలియనివాడు అతనొక్కడే. ఫంక్షన్లకూ, దుకాణాల ప్రకటనలకూ, స్కూలు వార్షికోత్సవాలకూ వీడియోలు తీసేవాడు. చెయ్యి మంచిదే. కెమెరా కుదురుగా పట్టుకునేవాడు, ఎవరు ఎప్పుడు ఏడుస్తారో ముందే పసిగట్టి అక్కడ నిలబడేవాడు. జబ్బంతా ఆ తర్వాత చేసే పనిలో ఉంది. అతని వీడియోల్లో జనమంతా కమలాపండు రంగులో ఉండేవాళ్ళు. వెనకాల గోడలూ చెట్లూ ఆకాశమూ నెమలి మెడ రంగులో ఉండేవి. సినిమా లుక్ అనేవాడు. ఆ లుక్కులను ఒక ఆన్‌లైన్ మాస్టారి దగ్గర ఓ నలభై కట్టగా కొనుక్కున్నాడు, నొక్కితే వీడియో అంతటికీ ఒకే రంగు పట్టించేవి. ఏది తీసినా వాటిలో ఒకటి నొక్కేవాడు. పని అయిపోయేది.

స్టూడియో అంటే మేడమీద ఒంటి గది. గోడలకు ఊదారంగు వేయించాడు. పైకప్పు చుట్టూ రంగులు మారే దీపాల పట్టీ ఒకటి. ఒక నిమిషం ఎర్రగా, ఒక నిమిషం నీలంగా. ఆ వెలుగులో కూర్చుని రంగులు దిద్దేవాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇక్కడ కూర్చుని రంగు చూస్తున్నావా నువ్వు?"

"మూడ్ కోసం వదినా."

"మూడ్ కావాలంటే బయటికెళ్ళి తెచ్చుకో. ముందు ఆ పట్టీ పీకెయ్."

మర్నాటికి పట్టీ పోయింది. వారానికి గోడలు బూడిదరంగుకి తిరిగాయి. ఆ రంగు ఆవిడే దగ్గరుండి కలిపించింది, నాలుగు గోడలూ ఒక్కలాగే వచ్చాయి. కంప్యూటరు తెర వెలుగును మూడోవంతుకు తగ్గించింది. తన స్టూడియో గోడౌనులా తయారైందని మరిది లోలోపల ఏడ్చుకున్నాడు, అన్నగారి భార్య కాబట్టి నోరెత్తలేదు.

నేర్చుకోవడానికి ఆ ఆన్‌లైన్ మాస్టారి పాఠాలే పెట్టాడు. టోపీ, గడ్డం, వెనకాల మళ్ళీ అదే ఊదారంగు వెలుగు. "రంగంటే ఒక ఫీలింగ్, ఫ్రెండ్స్" అన్నాడు మాస్టారు. నలభై నిమిషాల పాఠంలో ముప్పై మూడు నిమిషాలు ఫీలింగుకే పోయాయి. మిగిలిన ఏడు నిమిషాల్లో ఉన్న సరుకును ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుంది. ముందు వెలుగునీడలు సరిచేయాలి. తర్వాత తెలుపును తెలుపు చేయాలి. ఆ తర్వాత ఒక షాటును పక్క షాటుతో కలపాలి. ఇదంతా కరెక్షను, అంటే ఉన్నది ఉన్నట్టు కనపడేలా చేయడం. అది అయ్యాకే గ్రేడింగు, అంటే మనకు కావలసిన రంగు పైన అద్దడం.

రాసుకున్నది చదువుకుని మరిది వైపు తిరిగింది. "అంటే నువ్వు ఇన్నాళ్ళూ పుచ్చు తియ్యకుండా పైన తొడుగు వేస్తున్నావన్నమాట."

"కస్టమర్లు బాగుందంటున్నారు కదా వదినా!"

"పుచ్చు లోపలుంటుందయ్యా, వాళ్ళకేం తెలుస్తుంది?"

చేతికి పని త్వరగానే పట్టుబడింది. నీడల్లోకి, మధ్య రంగుల్లోకి, వెలుగుల్లోకి విడివిడిగా రంగు నెట్టే, తెర మీది మూడు చక్రాలు కుంచె కంటే సుళువనిపించాయి. ఆవిడను కట్టిపడేసింది మాత్రం తెర అడుగున ఉన్న గ్రాఫులు. ఒకటి వెలుగు ఎంతుందో చెబుతుంది. ఇంకోటి గుండ్రంగా ఉండి రంగు ఎటువైపు ఒరిగిందో చెబుతుంది. ఆ గుండ్రటి దాంట్లో వాలుగా ఒక గీత. మనిషి నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా, చర్మం రంగు ఇంచుమించు ఆ గీత మీదే పడుతుందట, చర్మం కింద నెత్తురు అందరిదీ ఒకటే కాబట్టి. ఈ మాట విన్నాక ఆవిడ కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది. మరిది కమలాపండు జనాన్ని ఒక్కొక్కళ్ళనే తెచ్చి ఆ గీత పక్కన నిలబెట్టింది. ఒక్కడు కూడా దాని మీద లేడు.

"చూశావా, మీ మాస్టారి ఫీలింగు ఎంత దూరంలో ఉందో!"

కన్ను అలిసిపోతుంది, గ్రాఫు అలిసిపోదు. ఆ గీత మీద ఆవిడకు గురి కుదిరింది. పళ్ళు చెక్కే మిషనును తిట్టిపోసిన నోటితోనే గీతను పొగిడింది. ఆ సంగతి ఆవిడకు తట్టలేదు.

ఇలా ఉండగా ఆసుపత్రి పని వచ్చింది. పిల్లల డాక్టరమ్మ ఒకామె, అరవైకి దగ్గరపడిన మనిషి, చిన్న చిన్న క్లినిక్కుల్లో పనిచేసే నర్సుల కోసం ఒక పాఠం తీయించదలిచింది. అప్పుడే పుట్టిన బిడ్డకు కామెర్లు వచ్చాయేమోనని ఎలా చూడాలి, ముక్కు మీదా ఛాతీ మీదా వేలితో నొక్కి వదిలితే లోపలి రంగు ఎలా కనిపిస్తుంది, పసుపు ముఖంనించి పాదాలవైపు ఎలా దిగుతుంది, ఇవీ అందులో విషయాలు. ఎనిమిది మంది పసివాళ్ళను తల్లుల అనుమతితో తీశారు. కొందరికి కామెర్లున్నాయి, కొందరికి లేవు. అందరినీ ఒకే రకం తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టారు. కొందరిని కిటికీ దగ్గర, కొందరిని ట్యూబులైటు కింద.

కటింగు ఇద్దరూ కలిసి చేశారు. రంగు దగ్గరికి వచ్చేసరికి మరిది మౌసు వదల్లేదు.

"ఇది పెద్ద ఆర్డర్ వదినా. ఇందులో మన సంతకం కనపడాలి."

ఆవిడకు ఒళ్ళు మండింది. అయినా స్టూడియో అతనిది. "నీ సంతకం నువ్వే పెట్టుకో" అని ఇంటికి వచ్చేసింది.

మూడు రోజుల తర్వాత ఆసుపత్రి మీటింగు హాల్లో వేసి చూపించారు. ఆవిడ వైర్ల సంచీ పట్టుకుని వెనక వరసలో కూర్చుంది. మొదటి బిడ్డ తెర మీదికి రాగానే ఆవిడకు అర్థమైపోయింది. బంగారు లుక్కు. బిడ్డ బంగారం, దుప్పటి బంగారం, నర్సు చేతులు బంగారం. రెండో బిడ్డా అంతే. నల్లటి పిల్లలిద్దరిని కాస్త తెల్లగా కూడా చేశాడు, అడగకపోయినా, ప్రేమకొద్దీ. ఎనిమిది మందీ అయిపోయాక డాక్టరమ్మ దీపాలు వేయించింది.

"బాబూ, వీళ్ళలో కామెర్లు లేనివాళ్ళెవరు?"

మరిది వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగాడు.

"దుప్పటిక్కూడా వచ్చాయి కామెర్లు. మా హెడ్ నర్సుక్కూడా వచ్చాయి. ఆవిణ్ణి అడ్మిట్ చేసుకోమంటావా?"

హెడ్ నర్సు తన చేతులు చూసుకుంది. నవ్వింది ఆమె ఒక్కతే.

"సినిమా లుక్ మేడమ్. కాస్త వార్మ్‌గా..." అన్నాడు మరిది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "ఆరేళ్ళ కిందట ఒక బిడ్డను ఐదో రోజున తీసుకొచ్చారు నా దగ్గరికి. మూడో రోజే క్లినిక్కులో నర్సు చూసింది. బాగానే ఉన్నాడని పంపేసింది. నల్లటి బిడ్డ, చీకటి గది, ఆ అమ్మాయికి పసుపు కనపడలేదు. కామెర్లు ముదిరి ఇప్పుడు వాడికి చెవులు వినపడవు. కంటితో చూస్తే చాలదు, నెత్తురు పరీక్ష చెయ్యాలి, నాకూ తెలుసు. కానీ పరీక్షకి పంపాలని తోచాలంటే ముందు కంటికి ఆనాలి కదా? అందుకు తీయిస్తున్నాను ఇది. నీ లుక్ కోసం కాదు."

తిరుగుదారిలో మరిది తల ఎత్తలేదు. వేరే వదినైతే ఊరుకునేదేమో. ఈవిడ ఊరుకోలేదు. ఆటో ఎక్కిన దగ్గర్నించి దిగేదాకా చెబుతూనే ఉంది. నలభై లుక్కులూ, టోపీ, గడ్డం, అన్నీ ఏకరువు పెట్టింది. దిగాక అతను స్టూడియో తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేశాడు.

"నువ్వే చెయ్ వదినా. నాకు చేతకాదు."

నాలుగు రోజులు కూర్చుంది. నోటుపుస్తకంలో రాసుకున్న వరసే. వెలుగునీడలు సరిచేసింది. ట్యూబులైటు షాట్లలో పాకిన ఆకుపచ్చను లాగేసింది. ఒక బిడ్డ పక్కన ఇంకో బిడ్డను పెట్టి కలుపుతూ వచ్చింది. గుండ్రటి గ్రాఫులో ఎవరు గీతనించి పసుపువైపు ఒరిగినా, నెమ్మదిగా, ప్రేమగా, మళ్ళీ గీత మీదికి తెచ్చింది. అయ్యాక ఎనిమిది మందినీ ఒకే తెర మీద వరసగా పేర్చి చూసుకుంది. ఏ ఇద్దరికీ తేడా లేదు. ఒకే నోట్లో ఎనిమిది పళ్ళలా ఉన్నారు. ఇరవై మూడేళ్ళ చెయ్యి ఊరికే పోలేదనుకుంది.

ఈసారి ముందు వరసలో కూర్చుంది. సంచీ మరిది పట్టుకున్నాడు.

డాక్టరమ్మ చివరిదాకా చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఎవరమ్మా చేసింది?"

"నేనేనండీ."

"చాలా చక్కగా ఉంది. ఎవరికీ కామెర్లు లేవు."

ఆవిడకు మొదట మెచ్చుకోలులాగే వినపడింది. తర్వాత మాట లోపలికి దిగింది. తెర మీద ఆఖరి బిడ్డ ఇంకా ఆగి ఉన్నాడు, ముద్దుగా, గులాబీరంగులో. పాదాల దాకా పసుపు దిగిన బిడ్డ వాడు. తీసిన రోజున ఆవిడ తన కళ్ళతో చూసింది.

"నిమిషాల్లో నయం చేసేశారు. ఇంత సులువని తెలిస్తే ఆసుపత్రి ఎందుకమ్మా నాకు? మీ కళ్ళకి పసుపు కనపడలేదా?" అంది డాక్టరమ్మ.

"కనపడిందండీ."

"మరి?"

"గ్రాఫు... గీత మీదికి తెచ్చాను."

ఆ మాట బయటికొచ్చాక దానికంటే మూర్ఖమైన మాట తన జన్మలో విన్నట్టు ఆవిడకు గుర్తులేదు. ఇరవై మూడేళ్ళు కలపడమే నేర్చుకుంది, తేడా కనపడితే చెరిపెయ్యడమే నేర్చుకుంది. ఇక్కడ ఆ తేడాయే పాఠం. కమలాపండు జనాన్ని చేసిన మరిదికైనా అది అబద్ధమని తెలియదు. తను తెలిసీ, గ్రాఫు చెప్పిందని, జబ్బుమీద సున్నం కొట్టింది. మరిదిని ఆటోలో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటికి రెట్టింపు తనకు బాకీ అని లెక్క తేలింది.

తిరుగుదారిలో మరిది ఒక్క మాట అనలేదు. అదే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

"అనవేమయ్యా ఏదో ఒకటి?" అంది చివరికి.

"ఏమనను వదినా, నాది కనీసం జబ్బు పెంచింది. అనుమానంతోనైనా పరీక్షకి పంపేవాళ్ళు."

ఆవిడ అతని వైపు చూసింది. ఇతనికి బుర్ర ఉందని ఇన్నేళ్ళలో మొదటిసారి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళింది, ఒక్కతే. హెడ్ నర్సును దుప్పటి అడిగింది.

"ఏ దుప్పటండీ?"

"పిల్లల్ని పడుకోబెట్టింది."

"అవి రోజూ ఉతుక్కొస్తాయి. ఏదైనా ఒకటేగా?"

"అందులో ఒకటి ఇవ్వండి. కిటికీ ఎక్కడుంది?"

కిటికీ దగ్గర దుప్పటి పరిచి, ఐదు సెకన్లు చూసి తల తిప్పింది. మళ్ళీ చూసింది. తెల్ల దుప్పటి అని అందరూ అంటున్నది తెలుపు కాదు. చాకిరేవులో వేసే నీలిమందు వల్ల రవ్వంత నీలం ఉంది. దాన్ని పట్టుకుని ఇదే తెలుపు అనుకుంటే బిడ్డలందరూ ఉన్నదానికంటే పచ్చబడతారు. ఆ నీలం ఎంతో కంట్లో పెట్టుకుని, దుప్పటిని కూడా అడిగి తెచ్చుకుంది.

ఒక అట్ట తీసుకుని తెర అంత కత్తిరించింది. దుప్పటి అంచు కనపడేంత కన్నం పెట్టి తెరకు అతికించింది. బిడ్డ కనపడడు, దుప్పటి మాత్రమే కనపడుతుంది. షాటు మారినప్పుడల్లా కన్నం జరుపుకుంటూ, ఎనిమిది దుప్పట్లనూ ఒకదానితో ఒకటి కలిపింది. కలపడం ఎలాగూ మానలేదు, కలపవలసినదేదో మాత్రం ఇప్పుడు తెలిసింది. కిటికీ దుప్పటి, ట్యూబులైటు దుప్పటి, రెండూ ఒడిలో ఉన్న అసలు దుప్పటిలా అయ్యేదాకా వదల్లేదు. గ్రాఫును వెలుగు కొలవడానికి వాడుకుంది, దుప్పటి ఆ రవ్వంత నీలాన్ని దాటి ఎటూ ఒరగలేదని చూసుకోవడానికి వాడుకుంది. వాలుగీతను మాత్రం దాచే బటను వెతికి దాచేసింది. బిడ్డల చర్మం మీద చెయ్యి వేయలేదు. నల్లటి పిల్లల్ని నల్లగానే ఉంచింది.

అట్ట తీసేటప్పుడు మరిదిని పిలిచింది. ఇద్దరూ చూశారు. ఎనిమిది మందీ ఎనిమిది రకాలుగా ఉన్నారు. ఒకడు ఎర్రగా, ఒకడు నేరేడు రంగులో. ఐదుగురి ముఖాల్లో పసుపు. వాళ్ళలో ఇద్దరికి పొట్ట దాకా, ఒకడికి పాదాల దాకా. చూడ్డానికి అందంగా ఏమీ లేదు.

"డల్‌గా ఉంది కదా వదినా?" అన్నాడు మరిది, అలవాటు చావక.

"ఉంటుంది. జబ్బు చేసిన పిల్లలు."

మూడోసారి డాక్టరమ్మ నర్సులనే కూర్చోబెట్టి వేయించింది. పాతికమంది ఉన్నారు, కొత్తగా చేరినవాళ్ళే ఎక్కువ. ఆవిడా మరిదీ తలుపు దగ్గర నిలబడ్డారు. ఆరో బిడ్డ వచ్చాడు, నేరేడు రంగువాడు. పైపైన చూస్తే ఏమీ తెలియదు. తెర మీద హెడ్ నర్సు వేలు వాడి ఛాతీ మీద నొక్కి వదిలింది. నొక్కినచోట ఒక్క క్షణం చర్మం పాలిపోయింది. ఆ పాలిపోయిన చోట పసుపు.

మూడో వరసలో కూర్చున్న ఒక నర్సు చెయ్యెత్తింది. "మేడమ్, వీడికుంది. వెనక్కి వెయ్యండొకసారి."

"ఎక్కడుంది? నాకేం కనపడట్లేదే" అంది పక్కనున్న ఆమె.

"వేలు తీసినప్పుడు చూడు. కంటి తెల్లగుడ్డు కూడా చూడు, పసుపు లేదూ?"

నాలుగుసార్లు వెనక్కి వేశారు. హాల్లో రెండు జట్లయ్యాయి, వాదించుకున్నారు. చివరికి అందరికీ కనపడింది. డాక్టరమ్మ ఆ గొడవను ఆపకుండా వింటూ కూర్చుంది. తర్వాత తలుపు వైపు తిరిగి, "దుప్పటి తిరిగిచ్చెయ్యండమ్మా, లెక్కకు తక్కువొచ్చిందని మా స్టోర్సువాడు గోల పెడుతున్నాడు" అంది. ఆ పూటకు ఆమె అన్నది అంతే.

నెల తిరక్కుండా చర్మవ్యాధుల విభాగంనించి కబురొచ్చింది, వాళ్ళకూ ఒక పాఠం కావాలని, "ఆ పళ్ళావిడ చేస్తేనే" అని. దద్దుర్లూ, మచ్చలూ, పుండ్లూ, ఇలా చూడబుద్ధి కానివన్నీ ఉన్నవి ఉన్నట్టు కనపడేలా చేయడం ఇప్పుడు ఆవిడ పని. షూటింగుకు తనే వెళుతుంది. రంగురంగుల చొక్కా వేసుకొచ్చిన డాక్టర్లను ముందు చొక్కా మార్చుకు రమ్మంటుంది. వాళ్ళు డాక్టర్లని ఆవిడకు తెలియక కాదు.

మరిది ఫంక్షన్ వీడియోలకు ఇప్పటికీ బంగారు లుక్కే వేస్తాడు. జనం అడిగేది అదే. మొన్న ఒక పుట్టినరోజు వీడియోకు దాన్ని నొక్కబోతూ ఆగి, ముందు తెలుపు సరిచేసి, తర్వాత నొక్కాడు. వెనకనించి చూస్తున్న ఆవిడ దగ్గరికి వచ్చి తెర మీదికి వంగింది.

"ఇప్పుడు పరవాలేదు. దరిద్రంగానే ఉంది, కానీ పద్ధతిగా దరిద్రంగా ఉంది" అంది.

అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నగారికి ఫోను చేసి మరీ చెప్పాడు.